అడవి తగ్గని దేశాల్లో రక్షిత ప్రాంతాలు ఎందుకు?

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెప్పుకుంటాను. ఫిన్లాండ్, స్వీడన్‌లలో నరికినదానికంటే ఎక్కువే నాటుతున్నారు, అడవి విస్తీర్ణం తగ్గడం లేదు. కెనడా, రష్యాల్లో రోడ్డు కూడా లేని అడవి కోట్ల హెక్టార్లలో ఉంది. నేషనల్ పార్కులు కూడా తగలబడుతూనే ఉన్నాయి. అలాంటప్పుడు మ్యాపు మీద గీత గీసి 'ఇక్కడ నరకొద్దు' అంటే ఒరిగేదేమిటి? ఇదీ మీ సందేహం. చివర్లో ఇంకో మాట కూడా అన్నారు: ముసలి చెట్లకంటే లేత చెట్లే కార్బన్‌ను వేగంగా పీల్చుకుంటాయి కదా, మరి పాత అడవిని దాచుకోవడం దేనికి అని.

మీ లెక్కల్లో తప్పు లేదు. ఆ లెక్కలు దేన్ని కొలుస్తున్నాయన్న దగ్గరే తేడా వస్తోంది.

ఉపగ్రహ చిత్రాల మీద అడవుల రకాలు గుర్తించే పని ఇరవై ఏళ్లకు పైగా చేశాను. అందులో ఎక్కువ భాగం ఈ ఉత్తర దేశాల అడవులే. మొదటి ఏడాదిలోనే ఒక పొరపాటు చేశాను. ఫిన్లాండ్ తూర్పు భాగం చిత్రంలో రెండు పచ్చటి ముక్కలు పక్కపక్కనే కనిపించాయి. రంగులో పెద్ద తేడా లేదు, రెండింటికీ ఒకే కోడ్ వేసి పంపేశాను. ఆ వేసవిలో అక్కడికి నడిచి వెళ్లాల్సి వచ్చింది. మొదటి ముక్క పైన్ తోట. చెట్లన్నీ ఒకే ఈడువి, ఒకే లావువి, కింద నేల ఊడ్చినట్టుంది. పావుగంటలో దాటేశాం. రెండో ముక్క దాటడానికి మధ్యాహ్నమంతా పట్టింది. కౌగిలికి అందని స్ప్రూస్ చెట్టు పక్కనే వేలెడంత మొక్క, ఒకదాని మీద ఒకటి పడి నాచు పట్టిన మానులు, వడ్రంగి పిట్టలు తూట్లు పొడిచిన మోడులు, కొమ్మల నుంచి గడ్డాల్లా వేలాడే లైకెన్లు (చెట్ల మీద, రాళ్ల మీద పెరిగే నాచులాంటి జీవులు). అడుగు తీసి అడుగు వేయాలంటే ఏదో ఒకటి ఎక్కి దిగాలి. పదేళ్ల తర్వాత అదే చోటు చిత్రం మళ్లీ నా చేతికి వచ్చింది. రెండో ముక్కను నరికేసి పైన్ నాటేశారు. అడవి విస్తీర్ణం లెక్కలో మాత్రం ఒక్క హెక్టారు కూడా తగ్గలేదు. తగ్గదు కూడా. నరికిన చోట మళ్లీ చెట్లు పెంచబోతున్నారంటే, ప్రస్తుతం అక్కడ మొద్దులు తప్ప ఏమీ లేకపోయినా అది లెక్క ప్రకారం అడవే.

ఈ దేశాలను చిన్నబుచ్చాలని కాదు. నరికినవాడు మళ్లీ అడవి పెంచి తీరాలని స్వీడన్ 1903లోనే చట్టం చేసింది. ఫిన్లాండ్ నేలలో నాలుగింట మూడొంతులు అడవి, అందులో సగానికి పైగా మామూలు కుటుంబాల ఆస్తి. తాత నాటిన చెట్టును మనవడు అమ్ముకునే పద్ధతి అక్కడ నిజంగా నడుస్తోంది. కలప పంటగా చూస్తే ప్రపంచంలో ఇంత శ్రద్ధగా చేసేవాళ్లు తక్కువ. కానీ పంట పంటే. వరి చేను ఎంత పచ్చగా ఉన్నా దాన్ని గడ్డిమైదానం అనం కదా.

అసలు తేడా చచ్చిన చెట్లలో ఉంది. వినడానికి వింతగా ఉంటుంది గానీ, ఈ అడవుల్లో ప్రాణం గిజగిజలాడేది ఎండిన మానులోనే. ఫిన్లాండ్‌లో అడవిని నమ్ముకుని బతికే జాతులు దాదాపు 20 వేలు. వాటిలో నాలుగు వేల నుంచి అయిదు వేల దాకా ఎండుకలప లేకపోతే బతకలేవు. పెంకుపురుగులు, బూజులు, మాను పక్కన అరల్లా మొలిచే గట్టి పుట్టగొడుగులు, ఆ పురుగుల్ని ఏరుకు తినే వడ్రంగి పిట్టలు, ఆ పిట్టలు వదిలేసిన తొర్రల్లో కాపురం పెట్టే ఎగిరే ఉడుతలు, అన్నీ ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి. సహజంగా పెరిగిన అడవిలో హెక్టారుకు 60 నుంచి 120 ఘనపు మీటర్ల దాకా ఎండుకలప ఉంటుంది. దక్షిణ ఫిన్లాండ్‌లో కలప కోసం పెంచే అడవిలో కొన్ని ఘనపు మీటర్లకు మించి దొరకదు. పైగా అన్ని పురుగులకూ ఒకే మాను సరిపోదు. నిరుడు పడిన చెట్టు ఒక జాతికి, ఇరవై ఏళ్లుగా నానుతున్నది ఇంకో జాతికి, ఎండలో నిలబడే ఎండిపోయిన మోడు మరో జాతికి. అందుకే ఏటా కొన్ని చెట్లు చస్తూ ఉండాలి. అన్నీ అరవై, ఎనభై ఏళ్లకే లారీ ఎక్కిపోతే ఆ వరస తెగిపోతుంది. తెగాక మళ్లీ అతకాలంటే నూరేళ్లు, నూటయాభై ఏళ్లు చూడాలి, అది కూడా ఆ పురుగులు పక్క అడవిలో ఇంకా మిగిలి ఉంటేనే.

కాలం సంగతి వచ్చింది కాబట్టి చెబుతున్నాను. ఈ అక్షాంశాల్లో చెట్టు పెరిగేది ఏడాదిలో రెండు మూడు నెలలే. స్వీడన్‌లోని ఫులుఫ్యెల్లెట్ నేషనల్ పార్కులో ఓల్డ్ చిక్కో అని ఒక స్ప్రూస్ ఉంది. దాని వేళ్ల వయసు సుమారు 9,500 ఏళ్లు. పైన కనిపించే చెట్టు ఎత్తు మాత్రం అయిదు మీటర్లు. దాన్ని చూసి 'ఇదేనా' అని పెదవి విరిచినవాళ్లను చూశాను.

లైకెన్లు కూడా అంతే, పాత కొమ్మల మీదే గుబురుగా పడతాయి. ఈ ఉత్తర ప్రాంతపు ఆదివాసులైన సామీ ప్రజలు మేపే రెయిన్‌డీర్లకు ఇది బతుకు సమస్య. చలికాలంలో అవి మంచును గిట్టలతో తవ్వి నేల మీది లైకెన్ తింటాయి. ఈ మధ్య నడి శీతాకాలంలో వాన పడి, అది మంచు మీద అద్దంలా గడ్డకట్టడం ఎక్కువైంది. అప్పుడు తవ్వినా గిట్ట దిగదు. మిగిలిన ఆధారం పాత చెట్ల నుంచి వేలాడే లైకెన్ ఒక్కటే. ఆ చెట్లు లేకపోతే కాపరులు దాణా కొనాలి. స్వీడన్, ఫిన్లాండ్‌ల ఉత్తరాన నరికివేత మీద జరిగే గొడవల్లో సగం మూలం ఇక్కడే ఉంది.

సరే, పాత అడవి విలువైనదని ఒప్పుకున్నాం అనుకుందాం. మరి రక్షిత ప్రాంతాలు దాన్ని కాపాడుతున్నాయా? ఇక్కడ మీ అనుమానంలో కొంత నిజముంది. ఐరోపాలో మొట్టమొదటి నేషనల్ పార్కులు స్వీడన్‌వే, 1909లో ఒకేసారి తొమ్మిది ప్రకటించారు. వాటిలో పేరున్నవి సారెక్, అబిస్కో, స్టోరా షోఫాలెట్. చూడ్డానికి కళ్లు చాలవు. కానీ ఎక్కువ భాగం కొండలు, రాళ్లు, హిమానీనదాలు. కలప వ్యాపారికి అక్కర్లేని నేలనే పార్కుగా ఇచ్చారు. స్టోరా షోఫాలెట్ అంటే పెద్ద జలపాతం అని అర్థం. పదేళ్లు తిరిగేసరికి, 1919లో, ఆ సరస్సులను పార్కు హద్దుల నుంచి తప్పించి జలవిద్యుత్తు కోసం సువోర్వా ఆనకట్ట మొదలుపెట్టారు. పార్కు పేరు పెద్ద జలపాతంగానే మిగిలింది, జలపాతంలో నీళ్లు మిగల్లేదు.

ఫిన్లాండ్ కథ కొంచెం మెరుగు, కొంచెం అదే. 1938లో పల్లాస్-ఔనాస్తుంతురి, ప్యుహాతుంతురి పార్కులు వచ్చాయి, 1991లో చట్టం చేసి 12 ఎరామా ప్రాంతాలు, అంటే జనసంచారం లేని అడవి బీళ్లు, దాదాపు 15 లక్షల హెక్టార్లు పక్కన పెట్టారు. ఆ పన్నెండూ లాప్‌లాండ్‌లోనే, ఉత్తర కొసన ఉన్నాయి. జాతులు ఎక్కువగా ఉండేది, చెట్టు లావుగా పెరిగేది, భూమికి ధర ఉండేది దక్షిణాన. అక్కడ రక్షణ చాలా పలచన. దేశం మొత్తం మీద శాతం చెప్పినప్పుడు ఈ తేడా కనపడదు. లాప్‌లాండ్‌లో పది వేల హెక్టార్ల కొండ వాలుకు బదులు దక్షిణాన వెయ్యి హెక్టార్ల పాత స్ప్రూస్ అడవి ఇస్తానంటే నేను మారుమాట లేకుండా తీసుకుంటాను. కాకపోతే ఆ వెయ్యి హెక్టార్లు యాభై కుటుంబాల చేతుల్లో ఉంటాయి, బలవంతం చేస్తే ఊరంతా ఎదురు తిరుగుతుంది. 1990లలో అదే జరిగింది కూడా. అందుకే 2008 నుంచి మెత్సో అనే పథకం నడుస్తోంది. యజమానే ముందుకొచ్చి 'నా అడవిలో ఈ ముక్క చూడండి' అంటాడు, అధికారులు వచ్చి పనికొస్తుందో లేదో చూస్తారు, పనికొస్తే డబ్బు ముడుతుంది. నెమ్మదిగా సాగుతుంది, ముక్కలు చిన్నవి. అయినా దక్షిణాన పనిచేసిన ఉపాయం నాకు తెలిసి ఇదొక్కటే.

గీత గీస్తే ఏమవుతుందన్న ప్రశ్నకు నేను ఎప్పుడూ చూపించేది కెనడాలోని వుడ్ బఫెలో నేషనల్ పార్క్. 1922లో అడవి బైసన్‌ల కోసం పెట్టారు. విస్తీర్ణం 44 వేల చదరపు కిలోమీటర్ల పైచిలుకు, అంటే స్విట్జర్లాండ్ దేశంకంటే పెద్దది. ఈ పార్కు వల్ల జరిగిన మేలు ముందు చెబుతాను. హూపింగ్ క్రేన్ అనే తెల్ల కొంగ 1941 నాటికి వలస గుంపులో పదిహేనో పదహారో మిగిలింది. అవి ఎక్కడ గూళ్లు పెడతాయో ఎవరికీ తెలియదు. 1954లో అడవి మంటలు చూసి తిరిగొస్తున్న హెలికాప్టర్ సిబ్బందికి ఈ పార్కు చిత్తడిలో కనిపించాయి. ఎవరూ ఎరక్కుండానే ఆ చోటు ముప్పై ఏళ్లుగా రక్షణలో ఉంది. ఇవాళ ఆ గుంపులో పక్షులు అయిదు వందలు దాటాయి. గీత లేకపోతే ఆ కథ ఉండేది కాదు.

ఇప్పుడు రెండో వైపు. పార్కుకు గుండెకాయ లాంటిది పీస్, అథాబాస్కా నదులు కలిసే డెల్టా. అక్కడి చెరువులు, గడ్డి బీళ్లు మామూలు వరదతో నిండవు. వసంతంలో మంచు దిమ్మలు నదికి అడ్డంపడి నీరు వెనక్కి తన్నితేనే పైనున్న చెరువులకు నీళ్లెక్కుతాయి. 1968లో పీస్ నది ఎగువన, పార్కుకు వందల కిలోమీటర్ల దూరంలో, పక్క రాష్ట్రంలో, బెన్నెట్ ఆనకట్ట పూర్తయింది. విద్యుత్తు కోసం చలికాలంలో నీళ్లు వదులుతారు, వసంతంలో పట్టి ఉంచుతారు. అంటే నది లయ తలకిందులైంది. డెల్టా ఎండుతూ వచ్చింది. రెండో నది అథాబాస్కా ఎగువన చమురు తీసే తారు ఇసుక గనులు, వాటి వ్యర్థాల చెరువులు. అక్కడ తరతరాలుగా వేటాడి బతికే మికిస్యూ క్రీ ప్రజలు 2014లో నేరుగా యునెస్కోకు అర్జీ పెట్టుకున్నారు. ఎందుకంటే 1983 నుంచి అది ప్రపంచ వారసత్వ స్థలం. యునెస్కో బృందం వచ్చి చూసి గట్టిగానే హెచ్చరించింది, 2019లో కెనడా ఒక కార్యాచరణ ప్రణాళిక ఇచ్చింది. అదే సమయంలో అదే పీస్ నది మీద సైట్ సి అనే ఇంకో ఆనకట్ట కడుతూనే పోయారు. పార్కు లోపలి నేలకు రక్షణ ఉంది, నీళ్లకు లేదు. ఇంటికి తాళం వేసి, ఊరి చెరువు ఎండగట్టినట్టయింది.

లోపలివాళ్లు చేసిన తప్పు కూడా ఒకటుంది. 1920లలో ఇంకో చోట మైదానపు బైసన్‌లు ఎక్కువైపోయాయని ఆరు వేలకు పైగా పశువుల్ని రైల్లో, పడవల్లో తెచ్చి ఇక్కడ వదిలారు. వద్దని ఆనాటి జీవశాస్త్రవేత్తలు మొత్తుకున్నారు. వాటితో పాటు క్షయ, బ్రుసెల్లోసిస్ అనే పశువుల రోగాలు వచ్చాయి. ఇప్పటికీ వదల్లేదు.

కెనడా ప్రస్తావనలోనే కారిబూ (అక్కడి అడవి రెయిన్‌డీర్) సంగతి చెప్పాలి. 'రోడ్డు లేని అడవి కోట్ల హెక్టార్లుంది' అన్న మీ మాటకు సమాధానం ఇందులో ఉంది. బోరియల్ కారిబూ, అంటే ఈ ఉత్తర అడవుల్లో ఉండే రకం, పాత అడవిలో పలచగా చెల్లాచెదురుగా బతుకుతుంది. తోడేలుకు దొరక్కుండా ఉండటానికి దాని ఉపాయమే అది. ఒక చోట అడవి నరికితే అక్కడ లేత మొక్కలు వస్తాయి. లేత మొక్కల కోసం మూస్ అనే భారీ దుప్పులు, జింకలు వస్తాయి. వాటి వెనక తోడేళ్లు పెరుగుతాయి. చమురు అన్వేషణ కోసం అడవిలో తీసిన తిన్నటి బాటలు తోడేళ్లకు హైవేల్లా పనికొస్తాయి. చివరికి మూస్ కోసం వచ్చిన తోడేలు దారిలో కారిబూను కూడా తింటుంది. కారిబూ ఏటికి ఒక పిల్లనే కంటుంది, తట్టుకోలేదు. 2012లో కెనడా ప్రభుత్వం విడుదల చేసిన పునరుద్ధరణ వ్యూహం ఒక లెక్క చెప్పింది: ఒక గుంపు తిరిగే ప్రాంతంలో కనీసం 65 శాతం చెక్కుచెదరకుండా ఉంటే, ఆ గుంపు తనంతట తాను నిలబడే అవకాశం 60 శాతం. 65 శాతం కాపాడినా గ్యారంటీ లేదు, నూటికి అరవై వంతుల ఆశ మాత్రమే. ఇంకో మెలిక ఏమిటంటే, ఆ లెక్కలో నరికిన ముక్కను మాత్రమే కాదు, దాని చుట్టూ 500 మీటర్ల మేర కూడా చెడినట్టే లెక్కగడతారు. ఒక సన్నటి రోడ్డు వేస్తే కిలోమీటరు వెడల్పు పట్టీ పోయినట్టు. విడివిడి చిన్న పార్కులతో ఈ జంతువును బతికించలేరు. పెద్ద, కలిసి ఉన్న, రోడ్డు లేని నేల కావాలి.

మంటల గురించి. నేషనల్ పార్కు తగలబడితే రక్షణ విఫలమైనట్టు కాదు. ఈ అడవి నిప్పుతో కలిసి పెరిగినదే. జాక్ పైన్ కాయలు బంకతో మూసుకుపోయి ఉంటాయి, మంట వేడికి బంక కరిగితేనే విచ్చుకుని గింజలు రాలుస్తాయి. మెలనోఫిలా అనే పెంకుపురుగుకు ఒంటి మీద వేడిని పసిగట్టే అవయవాలుంటాయి. దూరాన మంట ఉంటే అందరూ పారిపోతుంటే ఇది ఎదురెళ్లి అప్పుడే కాలిన మానులో గుడ్లు పెడుతుంది. స్వీడన్‌లో మంటలను ఎంత బాగా అదుపు చేశారంటే, కాలిన చెట్టే దొరక్క కొన్ని జాతులు ప్రమాదంలో పడ్డాయి. 2014 జులై ఆఖరున వెస్ట్‌మన్లాండ్‌లో నరికిన నేలను దున్నే యంత్రం నిప్పురవ్వ రాజేసి పదమూడు వేల హెక్టార్లకు పైగా కాలిపోయింది. ఆ తర్వాత జరిగినది నాకు భలే నచ్చింది. కాలిన భాగంలో 6,420 హెక్టార్లను హెల్లెస్కోగ్స్‌బ్రెన్నన్ పేరుతో అభయారణ్యం చేశారు. బూడిదను కాపాడారన్నమాట. దశాబ్దాలుగా మట్టిలో నిద్రపోతున్న ఒక రకం జెరేనియం గింజలు వేడి తగిలి మొలకెత్తాయి, వడ్రంగి పిట్టలకు పండగ అయింది.

అయితే ఇప్పటి మంటలన్నీ అలాంటివి కావు. కెనడాలో 2023లో దాదాపు కోటిన్నర హెక్టార్లు కాలింది, అంతకు ముందు రికార్డుకు రెట్టింపు. యాభై ఏళ్లకో నూరేళ్లకో ఒకసారి కాలాల్సిన చోటు పదిహేనేళ్లకే మళ్లీ కాలితే చెట్లు కాయలు పట్టే ఈడుకు కూడా రావు. పీట్ నేలల్లో, అంటే సగం కుళ్లిన మొక్కలు పొరలుగా పేరుకున్న చిత్తడి నేలల్లో, నిప్పు మంచు కింద చలికాలమంతా రగిలి వసంతంలో పైకి వస్తుంది. దీన్ని ఏ పార్కు హద్దూ ఆపదు. పార్కు చేయగలిగిందల్లా కాలిన తర్వాత ఆ అడవిని దానంతట అది కోలుకోనివ్వడం. బయట అయితే కాలిన కలపను వెంటనే తీసుకుపోతారు.

రష్యా గురించి రాయాలంటే ఒక పుస్తకం కావాలి, రెండు మూడు విషయాలతో సరిపెడతాను. అక్కడి జపోవెద్నిక్ అనే అభయారణ్య పద్ధతి ప్రపంచంలోనే అతి కఠినమైన వాటిలో ఒకటి. మొదటి ఆలోచన ప్రకారం వేట లేదు, కోత లేదు, పర్యాటకం కూడా ఉండకూడదు, పరిశోధన ఒక్కటే. మొదటిది బైకాల్ తూర్పు ఒడ్డున బర్గుజిన్, పాత కేలండర్ ప్రకారం 1916 డిసెంబరు ఆఖరున. బొచ్చు కోసం వేటాడి సేబుల్ అనే చిన్న జంతువును దాదాపు తుడిచిపెట్టేశాక పెట్టారు. అంత కఠినమైన చట్టం కూడా ఒక సంతకం ముందు నిలవలేదు. 1951లో స్టాలిన్ ప్రభుత్వం 128 జపోవెద్నిక్‌లలో 88 రద్దు చేసింది, విస్తీర్ణం 126 లక్షల హెక్టార్ల నుంచి 14 లక్షల దగ్గరికి పడిపోయింది. తర్వాత కొన్ని తిరిగొచ్చాయి. పెచోరా-ఇలిచ్‌ను రద్దు చేయలేదు గానీ బాగా కుదించి, తర్వాత మళ్లీ పెంచారు, అది ఇప్పుడు యుగిద్ వా నేషనల్ పార్కుతో కలిసి కోమి అడవుల పేరుతో 1995 నుంచి ప్రపంచ వారసత్వ జాబితాలో ఉంది, 32.8 లక్షల హెక్టార్లు. అక్కడ కూడా బంగారం గని కోసం హద్దులు జరిపే ప్రయత్నాలు జరిగాయి.

ఉత్తర ద్వినా, పినేగా నదుల మధ్య అడవిది ఇంకో రకం కథ. అది నరికివేత కంపెనీల లీజులో ఉండేది. ఏళ్ల తరబడి పర్యావరణ సంస్థలు, కంపెనీలు బల్లకు చెరోవైపు కూర్చుని బేరమాడాయి. కంపెనీలు దిగిరావడానికి కారణం అడవి మీద ప్రేమ కాదు, ఐరోపా కొనుగోలుదారులు అడిగే ఎఫ్‌ఎస్‌సీ ధ్రువపత్రం, అంటే అడవిని బాధ్యతగా చూసుకుని తీసిన కలప అని తెలిపే ముద్ర. 2019లో అక్కడ సుమారు 3 లక్షల హెక్టార్ల అభయారణ్యం ఏర్పడింది. 2022లో యుద్ధం మొదలయ్యాక ఆ ధ్రువపత్రాలు రష్యాలో ఆగిపోయాయి, 2023లో ఆ బేరంలో ఉన్న గ్రీన్‌పీస్, డబ్ల్యూడబ్ల్యూఎఫ్‌లను అక్కడి ప్రభుత్వం 'అవాంఛనీయ సంస్థలు'గా ప్రకటించింది. అభయారణ్యం కాగితం మీద ఉంది. దాన్ని నిలబెట్టిన బలం ఇప్పుడు లేదు. ఇలాంటి చోటే నాకు టెన్షన్ ఎక్కువ.

ఫిన్లాండ్, రష్యా సరిహద్దు అడవులదీ అదే గతి. ప్రచ్ఛన్నయుద్ధ కాలంలో సరిహద్దు పట్టీలోకి ఎవరినీ రానివ్వకపోవడంతో అక్కడ పాత అడవి దానంతట అదే మిగిలింది. ఫిన్లాండ్‌లో 20వ శతాబ్దం మొదట్లో అంతరించిన అడవి రెయిన్‌డీర్ 1950ల ప్రాంతంలో రష్యా వైపు ఉన్న కరేలియా నుంచి నడిచొచ్చింది ఈ దారినే. 1989లో రెండు దేశాలు కలిసి స్నేహ అభయారణ్యం పెట్టాయి, 2010లో నార్వేని కూడా కలుపుకుని మొత్తం సరిహద్దును హరిత పట్టీగా చూడాలని ఒప్పందం చేసుకున్నాయి. ఇప్పుడు మాటలు ఆగాయి, సరిహద్దు దారులు మూశారు, సుమారు 200 కిలోమీటర్ల కంచె పని మొదలుపెట్టారు.

ఇన్ని ఎదురుదెబ్బలు చెప్పాక, బాగా పనిచేస్తున్నదేమిటి అని అడుగుతారు. నా అనుభవంలో అక్కడ ఉంటున్నవాళ్ల చేతిలో పగ్గాలున్న చోట రక్షణ నిలుస్తోంది. స్వీడన్‌లోని లపోనియా 1996లో వారసత్వ స్థలం అయింది, పదిహేనేళ్ల పంచాయితీ తర్వాత దాని పాలక మండలిలో సామీలకు మెజారిటీ ఇచ్చారు. కెనడాలో పిమాచియోవిన్ అకీ, 29 వేల చదరపు కిలోమీటర్ల అడవి, నాలుగు అనిషినాబే ఆదివాసీ సమూహాలు కలిసి ప్రతిపాదించినది. ప్రకృతి వేరు, సంస్కృతి వేరు అని విడగొట్టి చూసే యునెస్కో పద్ధతికి అది ఒదగలేదు. ఒకటికి రెండుసార్లు వెనక్కి వచ్చి, చివరికి 2018లో గుర్తింపు పొందింది. ఇక్కడ వేట ఉంది, చేపలు పట్టడం ఉంది, చిన్న చిన్న నిప్పులు పెట్టడం కూడా ఉంది. 'మనిషి లేని అడవి' అన్న ఊహ ఈ ప్రాంతాల్లో ఎప్పుడూ నిజం కాదు. పార్కు పేరుతో మనుషుల్ని వెళ్లగొడితే ఆనకట్టలు వచ్చినప్పుడు అడ్డుపడటానికి ఎవరూ మిగలరు.

ఇక కార్బన్. లేత చెట్టు వేగంగా పెరుగుతుందన్నది నిజమే. కానీ ఉత్తర అడవుల్లో కార్బన్‌లో ఎక్కువ భాగం చెట్టులో లేదు, నేలలో, పీట్‌లో, ఏడాదంతా గడ్డకట్టి ఉండే మట్టిలో ఉంది. మొత్తం నరికేసి నేలను యంత్రంతో కలియదున్నితే ఆ మట్టి కుళ్లడం మొదలుపెడుతుంది. మొక్కలు ఆ నష్టం పూడ్చే స్థితికి రావడానికే పదేళ్ల పైన పడుతుంది. ఫిన్లాండ్ తన చిత్తడి నేలల్లో సగానికి పైగా, ఎక్కువగా 1960, 70లలో, చెట్లు బాగా పెరగాలని కాలువలు తవ్వి ఎండగట్టింది. చెట్లు పెరిగాయి, పీట్ కరిగిపోతోంది. ఫలితం ఏమిటంటే, 2021లో ఆ దేశపు భూమి వినియోగ రంగం పీల్చుకున్నదానికంటే ఎక్కువ కార్బన్ వదిలిందని వాళ్ల సొంత లెక్కల్లోనే తేలింది. నాలుగింట మూడొంతులు అడవి ఉన్న దేశం అది. నరికివేత పెరగడం, చెట్ల ఎదుగుదల మందగించడం, ఎండిన పీట్ నేలలు, మూడూ కలిసి చేసిన పని. అటు పాత అడవులు పీల్చుకోవడం ఆపేస్తాయన్న పాత నమ్మకం కూడా కొలతల ముందు నిలవలేదు. నెమ్మదిగానైనా కూడబెడుతూనే ఉంటాయి.

2030 నాటికి భూమిలో 30 శాతం రక్షించాలని 2022లో మాంట్రియల్‌లో దేశాలు ఒప్పుకున్నాయి. రాబోయే రోజుల్లో ఈ 30 శాతం గురించి చాలా ప్రకటనలు వింటారు. ఏదైనా ప్రకటన కనిపిస్తే శాతం పక్కన పెట్టి, ఆ పార్కును ఉపగ్రహ చిత్రంలో తెరవండి. ముందు లోపల ఎంత భాగం చెట్లో, ఎంత భాగం రాయో చూడండి. తర్వాత హద్దు దాటి అయిదు కిలోమీటర్లు బయటికి జరగండి. నలుచదరపు బోడి మచ్చలు హద్దుకు ఆనుకుని ఉన్నాయా, అడవి రోడ్లు గీత దాకా వచ్చి ఆగిపోయాయా, నది ఎగువన ఏముంది? పాత తేదీల చిత్రాలు కూడా ఉంటాయి, ఇరవై ఏళ్లు వెనక్కి వెళ్లి అదే చోటు మళ్లీ చూడండి. కుదిరితే మొదట వుడ్ బఫెలో డెల్టాతోనే మొదలుపెట్టండి. తడి నేల ఎక్కడెక్కడ పొదలుగా మారిందో మీకే కనపడుతుంది.